దక్షిణ సముద్ర గాథ – 6: తిమింగలాలు అయిపోయాయి, రొయ్యపొట్టు వంతు వచ్చింది

గత భాగంలో దక్షిణ జార్జియా దీవిలోని గ్రిట్‌వికెన్ రేవు దగ్గర ఆగాం. నార్వే కెప్టెన్ కార్ల్ ఆంటన్ లార్సెన్ 1904లో అక్కడ తిమింగలాల కార్ఖానా తెరవడం, ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఒడ్డుతో పనిలేకుండా నడిసముద్రంలోనే తిమింగలాన్ని ఓడ మీదికి లాగి, కోసి, నూనె కాచే పద్ధతి రావడం, 1930-31 సీజన్ ఒక్కదానిలోనే సుమారు ముప్పై వేల నీలి తిమింగలాలు పోవడం చెప్పుకున్నాం. వేటను అదుపు చేయాల్సిన అంతర్జాతీయ సంఘం లెక్కలు రాసుకున్న తీరు కూడా చూశాం. ఒక నీలి తిమింగలం అంటే రెండు ఫిన్‌లు, లేదా రెండున్నర హంప్‌బ్యాక్‌లు, లేదా ఆరు సేయిలు. జాతి ఏదన్న పట్టింపు లేదు, నూనె ఎంత వస్తుందన్నదే కొలత. పెద్దవి అయిపోతే చిన్నవి, అవీ అయిపోతే ఇంకా చిన్నవి. 1960ల చివరికి లెక్క పెట్టుకోవడానికే పెద్దగా ఏమీ మిగల్లేదు.

తిమింగలాలు మిగల్లేదు గానీ ఓడలు మిగిలాయి. సోవియట్ యూనియన్ ఒడెస్సా, కాలినిన్‌గ్రాడ్ రేవుల నుంచి నెలల తరబడి సముద్రం మీదే బతకగల పెద్ద నౌకాదళాలను తయారు చేసుకుంది. పట్టిన సరుకును ఓడలోనే గడ్డకట్టించి పెట్టెలకెత్తే ట్రాలర్లు, వాటికి చమురు మోసే ఓడలు, ఇంటి నుంచి ఉత్తరాలు తెచ్చే ఓడలు ఉండేవి. పంచవర్ష ప్రణాళికలో ఇన్ని లక్షల టన్నులని లక్ష్యం రాసి ఉంటుంది. చేప ఏదన్నది తర్వాతి మాట.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రపంచంలో చేపలు దొరికే నీళ్లకు ఒక్కొక్కటిగా తలుపులు పడటం మొదలైంది. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా సముద్ర సంపద మాదేనని దేశాలు ప్రకటించుకున్నాయి. మన దేశమూ 1976లో అలాంటి చట్టమే చేసుకుంది. పెరూ తీరంలో లక్షల టన్నుల్లో దొరికే ఆంచోవీ చేప 1972లో కుప్పకూలి, కోళ్ల దాణాకు, పశువుల దాణాకు వాడే చేపపొడి ధర మండిపోయింది. 1974లో రోమ్‌లో ప్రపంచ ఆహార సదస్సు పెట్టి, రేపటి జనానికి మాంసకృత్తులు ఎక్కణ్ణుంచి తేవాలని తలలు పట్టుకున్నారు. పరాయి తీరాలకు పోలేని ఓడలకు, ఆకలిగా ఉన్న ప్రపంచానికి ఎవరిదీ కాని నీళ్లు ఒక్కచోటే కనిపించాయి. అవి అంటార్కిటికా చుట్టూ ఉన్న నీళ్లు.

ఎవరిదీ కాదు అన్నది ఊరికే అన్న మాట కాదు. 1959 డిసెంబర్ 1న వాషింగ్టన్‌లో 12 దేశాలు సంతకం చేసిన అంటార్కిటిక్ ఒప్పందం ఆ ఖండం మీద ఏడు దేశాల హక్కుల వాదనలను అలాగే గడ్డకట్టించి పక్కన పెట్టింది. సైన్యాలు రాకూడదంది, అణుపరీక్షలు వద్దంది. చుట్టూ ఉన్న బహిరంగ సముద్రం మీద దేశాలకున్న హక్కుల జోలికి మాత్రం పోలేదు. పెంగ్విన్ నేల మీద ఉంటే ఒప్పందం ఉంది, నీళ్లలో దూకితే లేదు. ఆనాటి దౌత్యవేత్తలకు ఈ సందు కనిపించలేదనుకోను. కనిపించింది కాబట్టే సంతకాలు తొందరగా అయ్యాయి.

ఆ సందులో మొదట బలైంది రాక్‌కాడ్ అనే చేప. 1969-70 సీజన్‌లో సోవియట్ ట్రాలర్లు దక్షిణ జార్జియా చుట్టూ వలలు దించి దాదాపు నాలుగు లక్షల టన్నుల మచ్చల రాక్‌కాడ్‌ను ఎత్తాయి. మరుసటి సీజన్‌లో దొరికింది లక్ష టన్నుల చిల్లర. ఆ తర్వాత చెప్పుకోదగ్గంత లేదు. చలినీటి చేప నిదానంగా పెరుగుతుంది, ఆలస్యంగా గుడ్లు పెడుతుంది. వంద రకాల చేపలు తిరిగే మన బంగాళాఖాతంలో ఒకటి తగ్గితే ఇంకొకటి పుంజుకుంటుంది, అక్కడ ఆ వెసులుబాటు తక్కువ. తిమింగలాల కథ పూర్తవడానికి అరవై ఏళ్లు పట్టింది. రాక్‌కాడ్ కథ రెండేళ్లలో ముగిసింది.

ఇక మిగిలింది క్రిల్.

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మా నారాయణఖేడ్ అంగట్లో కూడా గోనెపట్టా మీద రొయ్యపొట్టు కుప్ప పోసి అమ్ముతారు. చింతచిగురులో వేసుకున్నా, వంకాయలో వేసుకున్నా దాని రుచి వేరు. క్రిల్ ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి ఆ కుప్పలో కాస్త పెద్దదాన్ని ఏరి అరచేతిలో పెట్టుకుంటే చాలు. బాగా ఎదిగిన అంటార్కిటిక్ క్రిల్ ఆరు సెంటీమీటర్ల దాకా ఉంటుంది, బరువు రెండు గ్రాములకు మించదు. ఒళ్లు గాజులా పారదర్శకం, దాని మీద ఎర్రటి చుక్కలు, రెండు నల్లటి కళ్లు. కడుపులో ఆకుపచ్చ మచ్చ బయటికే కనిపిస్తుంది. అది తిన్న నాచు. సముద్రపు పైపొరలో సూర్యకాంతితో పెరిగే కంటికి కనిపించని నాచును ముందు కాళ్ల జల్లెడతో వడకట్టుకుని తింటుంది. చలికాలంలో పిల్ల క్రిల్ మంచు పలకల అడుగున తలకిందులుగా తిరుగుతూ, మంచుకు పట్టిన నాచును గీరుకుని బతుకుతుంది. అంటే సముద్రం మీద మంచు కట్టకపోతే మరుసటి ఏటి పిల్లలకు తిండి లేదు.

ఇంకో విచిత్రం ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1982లో ప్రకటించారు. తొట్టెలో ఏమీ పెట్టకుండా ఉంచితే క్రిల్ రెండు వందల రోజులకు పైగా బతికింది, బతకడమే కాదు, పెంకు వదిలిన ప్రతిసారీ చిన్నదవుతూ పోయింది. తిండి లేని కాలంలో ఒంటినే కరిగించుకుంటుందన్నమాట. దాంతో పరిమాణం చూసి వయసు చెప్పడం కుదరదని తేలింది. ఐదారేళ్లు బతికే ఈ ప్రాణిని ఒకటి రెండేళ్లదనుకుని, ఎంత పట్టినా ఏడాది తిరిగేసరికి మళ్లీ నిండిపోతుందని లెక్కలు వేసినవాళ్లున్నారు. ఆ లెక్కలు తలకిందులయ్యాయి.

క్రిల్ ఒంటరిగా ఉండదు. గుంపు దట్టంగా ఉన్నచోట ఒక్క ఘనమీటరు నీటిలో పది వేలకు పైగా ఉంటాయి, ఆ మేర సముద్రం ఎర్రబారుతుంది. నీలి తిమింగలం అంత పెద్ద నోరు తెరుచుకుని వచ్చేది ఈ రెండు గ్రాముల ప్రాణి కోసమే. పేరుకు పీతలు తినేదైన క్రాబ్ఈటర్ సీల్ నిజానికి తినేది క్రిల్‌నే. నీళ్లను బయటికి వదిలి క్రిల్‌ను ఆపుకునేలా దాని పళ్లు జల్లెడలా ఏర్పడ్డాయి. అడేలీ పెంగ్విన్ల గుంపు ఉన్న రాతి గట్లు దూరం నుంచి గులాబీ రంగులో కనిపిస్తాయి. క్రిల్ తిన్న పెంగ్విన్ రెట్ట రంగు అది.

సోవియట్ నౌకలు 1960ల ఆరంభం నుంచే క్రిల్‌ను పట్టి చూస్తున్నాయి. అకాడెమిక్ క్నిపోవిచ్ అనే పరిశోధన నౌక ఏ మూల ఎంత దొరుకుతుందో పటం గీసింది. 1970ల మొదట్లో అసలు వ్యాపారం మొదలైంది. 1972-73 నుంచి జపాన్ కూడా దిగింది. పోలండ్, తూర్పు జర్మనీ, చిలీ, దక్షిణ కొరియా ఒకరి వెనుక ఒకరు వచ్చారు.

పట్టడం తేలికే, ఏం చేసుకోవాలన్నదే తలనొప్పి. వల నిండా ఎత్తితే పైవాటి బరువుకు అడుగున ఉన్నవి చితికి ముద్దవుతాయి. డెక్కు మీద పడ్డ గంటల్లోనే క్రిల్ కడుపులోని ఎంజైములు దాని మాంసాన్నే అరిగించేస్తాయి, మెరిసే గులాబీ గుట్ట చూస్తుండగానే నల్లబడుతుంది. అందుకని మూడు నాలుగు గంటల్లో ఉడికించాలి, లేదా ఒలిచి గడ్డకట్టించాలి. 1970ల చివర్లో ఇంకో సంగతి బయటపడింది. క్రిల్ పెంకులో ఫ్లోరైడ్ విపరీతంగా ఉంటుంది. చచ్చిన తర్వాత పెంకు తీయడం ఆలస్యమైతే అది మాంసంలోకి దిగుతుంది. ఫ్లోరైడ్ అంటే ఏమిటో నల్లగొండ ఎముకలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

సోవియట్ ఇంజనీర్లు క్రిల్‌ను పిండి, ఉడికించి, ‘ఓకియాన్’ అనే పేరుతో పేస్టు చేసి దుకాణాలకు పంపారు. మంచి పౌష్టికాహారమని ప్రచారమూ చేశారు. జనం పెద్దగా ఎగబడలేదు. దాంతో చాలా సరుకు దాణా అయింది. జపాన్‌లో తోకమాంసం కొంత తిన్నారు, కొంత గాలానికి ఎరగా వాడారు. ఇంతా చేసి లాభం వచ్చిందా అంటే, సోవియట్ లెక్కలో చమురు ఖర్చు రాసుకునేవాళ్లెవరు? టన్నులు వచ్చాయి, అది చాలు. 1981-82 సీజన్‌లో అన్ని దేశాలూ కలిపి 5 లక్షల 28 వేల టన్నుల క్రిల్ పట్టాయి. అందులో అత్యధికం సోవియట్ వాటాయే.

అన్ని వేల తిమింగలాలు చచ్చాక అవి తినాల్సిన క్రిల్ ఏమైంది? 1970లలో శాస్త్రవేత్తల నోట నానిన ప్రశ్న ఇది. ఏటా 15 కోట్ల టన్నుల క్రిల్ తినేవాళ్లు లేక మిగిలిపోతోందని ఒక అంచనా వేశారు. ప్రపంచం మొత్తం అప్పట్లో ఏడాదికి పట్టే చేపలు సుమారు ఏడు కోట్ల టన్నులు. అంటే దక్షిణ సముద్రంలో రెండు ప్రపంచాల చేప ఊరికే పడి ఉందన్నమాట. మంత్రుల ప్రసంగాలకు ఇంతకంటే ఏం కావాలి? కానీ అవే లెక్కలు చూసి బ్రిటిష్, అమెరికన్ శాస్త్రవేత్తలు కొందరు ఎదురు ప్రశ్న వేశారు. తిమింగలాలు లేక మిగిలిన కూడు సీళ్లు, పెంగ్విన్లు తింటున్నాయి. వాటి సంఖ్య పెరుగుతోంది. పోయిన తిమింగలాలు తిరిగి రావాలంటే కూడా ఆ కూడే కావాలి. మిగులు అని మీరంటున్నది ఎవరి కంచంలోది?

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట ఆపుతారు. చేప గుడ్లు పెట్టాలి, పిల్ల బతకాలి అన్నది అక్కడి ఆలోచన. ప్రపంచంలో చేపల చట్టాలన్నీ దాదాపు ఇంతే, పట్టే చేప గురించే ఆలోచిస్తాయి. ఆ చేపను తిని బతికే మరో ప్రాణికి ఎంత వదలాలని ఏ చట్టమూ అప్పటిదాకా అడగలేదు. ఆ ప్రశ్న చట్టంలోకి ఎక్కింది క్రిల్ పుణ్యమానే.

అంటార్కిటిక్ ఒప్పందపు దేశాలకు ఒక చిన్న రిహార్సల్ అప్పటికే జరిగింది. 1972లో లండన్‌లో సీళ్ల రక్షణకు ఒప్పందం రాసుకున్నారు. సీళ్ల వేట మళ్లీ మొదలుకాకముందే రాసుకోవడం దాని విశేషం. 1977లో లండన్‌లోనే కలిసినప్పుడు క్రిల్‌కు కూడా అలాంటి కట్టుబాటు ఉండాలని తీర్మానించారు. 1978లో కాన్‌బెరాలోనూ, బ్యూనస్ ఎయిర్స్‌లోనూ బేరాలు నడిచాయి.

బేరాలు మామూలువి కావు. అమెరికాకు క్రిల్ పడవలు లేవు, పర్యావరణ సంఘాల ఒత్తిడి ఉంది, కాబట్టి గట్టి నిబంధన కావాలంది. సోవియట్, జపాన్లకు పడవలున్నాయి, కాబట్టి తమ చేతులు కట్టేసే వాక్యం ఒక్కటీ ఉండకూడదన్నాయి. అర్జెంటీనా, చిలీ, బ్రిటన్ ఒకే ద్వీపకల్పం మాదంటే మాదని వాదించుకునేవి. ఎవరి సంతకం ఎవరి హక్కును ఒప్పుకున్నట్టు అవుతుందోనని ప్రతి కామా దగ్గరా ఆగేవి. ఫ్రాన్స్‌కు కెర్గెలెన్, క్రోజె దీవులున్నాయి. వాటి మీద తగాదా లేదు, కానీ అవి కొత్త గీత లోపలికి వస్తాయి. మా దీవుల చుట్టూ చేపల సంగతి మీరు చెప్పేదేమిటని అది భీష్మించింది. ఆ ముడి విప్పేసరికి ఇంకో ఏడాదికి పైగా గడిచింది. చివరికి ఫ్రాన్స్ తన దీవుల దగ్గర తన నియమాలు పెట్టుకోవచ్చని సభాధ్యక్షుడు చదివిన ఒక ప్రకటనతో సర్దుబాటు చేశారు.

1980 మే 20న కాన్‌బెరాలో ఒప్పందం ఖాయమైంది. అందులో రెండు సంగతులు నాకు ముచ్చటగా అనిపిస్తాయి. ఒకటి, సరిహద్దు. రూళ్లకర్రతో 60 డిగ్రీల అక్షాంశం మీద గీసి ఊరుకోలేదు. చల్లటి అంటార్కిటిక్ నీళ్లు ఉత్తరపు వెచ్చని నీళ్ల కిందికి దిగిపోయే చోటును పట్టుకుని, దాని వంపుల్ని అనుసరించి గీశారు. దేశాల పటం కాదు, క్రిల్ బతికే నీటి పటం అది. రెండోది, అందులోని రెండో అధికరణం. పట్టే జీవి తన సంతతిని నిలుపుకోలేనంతగా తగ్గకూడదు, దాన్ని తిని బతికేవాటితో దాని సంబంధం చెడకూడదు, రెండు మూడు దశాబ్దాల్లో సరిదిద్దుకోలేని మార్పు ఏదీ తేకూడదు. తర్వాత ప్రపంచంలో చాలా చోట్ల చట్టాలు ఈ మాటలను అరువు తెచ్చుకున్నాయి.

ఈ మంచి మాటలకు ఇచ్చిన మూల్యం ఏకాభిప్రాయం. ఒప్పందాన్ని నడపడానికి పెట్టిన కమిషన్‌లో ఒక్క దేశం కాదన్నా ఏ నిర్ణయమూ కాదు. సోవియట్, జపాన్లను బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి వేరే దారి లేకపోయింది. ఆనాడు అది తప్పని నేననను. దాని వడ్డీ మాత్రం ఇప్పటికీ కడుతున్నారు.

ఒప్పందం అమల్లోకి వచ్చిన రోజు 1982 ఏప్రిల్ 7. ఆ రోజులు చూడండి. మార్చి 19న అర్జెంటీనా కూలీలు కొందరు దక్షిణ జార్జియాలోని లీత్ హార్బర్‌లో దిగారు. పాడుబడ్డ తిమింగలాల కార్ఖానాలోని పాత ఇనుమును కొనుక్కుని విప్పి తీసుకుపోవడానికి వచ్చిన కాంట్రాక్టరు మనుషులు వాళ్లు. వచ్చినవాళ్లు అర్జెంటీనా జెండా ఎగరేశారు. బ్రిటన్ మండిపడింది. ఏప్రిల్ 2న అర్జెంటీనా సైన్యం ఫాక్‌లాండ్ దీవుల్లో దిగింది, మర్నాడు గ్రిట్‌వికెన్‌ను పట్టుకుంది. గత భాగమంతా మనం తిరిగిన ఆ తుప్పు రేవుల కోసం తుపాకులు పేలుతుండగా, నాలుగు రోజులకు క్రిల్ ఒప్పందం అమల్లోకి వచ్చింది. మే నెలాఖరుకు టాస్మేనియాలోని హోబర్ట్‌లో కమిషన్ తొలి సమావేశం మొదలయ్యేసరికి యుద్ధం ఇంకా నడుస్తోంది. అయినా అంటార్కిటిక్ చర్చల బల్లలు మాత్రం విరగలేదు. కమిషన్ హోబర్ట్‌లోనే స్థిరపడింది. ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలు కలిపి దాన్ని అందరూ ‘కామ్లార్’ అంటారు.

అదే ఏడాది జనవరి 9న డాక్టర్ ఎస్.జెడ్. ఖాసిం నాయకత్వంలో మన దేశపు తొలి బృందం అంటార్కిటికా మంచు మీద అడుగుపెట్టింది. గోవా నుంచి పోలార్ సర్కిల్ అనే అద్దె ఓడలో చడీచప్పుడు లేకుండా వెళ్లారు. 1983లో భారత్ అంటార్కిటిక్ ఒప్పందంలో చేరింది. 1985లో కామ్లార్ ఒప్పందంలో చేరి మరుసటి ఏడాది కమిషన్ సభ్యురాలైంది. మనకూ క్రిల్ మీద ఆశ లేకపోలేదు. 1995-96లో సాగర్ సంపద నౌకను దక్షిణ సముద్రానికి పంపి క్రిల్‌ను పట్టి, వండి, పరీక్షించి చూశారు. అంత దూరం పోయి పట్టుకొస్తే గిట్టదని అర్థమైందో ఏమో, దాన్ని వ్యాపారంగా పెంచలేదు.

కమిషన్ పుట్టింది కదా, క్రిల్‌కు పరిమితి వెంటనే పెట్టారా? పెట్టలేదు. 1984లో దక్షిణ జార్జియా తీరానికి దగ్గరగా వేట వద్దన్నారు, 1985లో రాక్‌కాడ్‌ను వెతికి పట్టడం ఆపారు. అప్పటికి పట్టడానికి రాక్‌కాడ్ లేదనుకోండి. క్రిల్ దగ్గరికి వచ్చేసరికి ఏటా ఒకటే వాదన. వేట వల్ల నష్టం జరుగుతోందని రుజువు చూపండి, అప్పుడు తగ్గిస్తామని పడవలున్నవాళ్లు అనేవారు. నష్టం లేదని మీరు రుజువు చేశాక పట్టండని లేనివాళ్లు అనేవారు. ఇదిగో రుజువు తెస్తామని శాస్త్రవేత్తలు పెంగ్విన్ల గూళ్ల దగ్గర కాపు కాశారు. గూడు విడిచే పిల్ల బరువెంత, తల్లి మేతకు పోయి రావడానికి ఎంతసేపు పట్టింది, ఈ ఏడు ఎన్ని జంటలు వచ్చాయి అంటూ ఒకే పద్ధతిలో దేశదేశాలవాళ్లు రాసుకోవడం 1980లలోనే మొదలైంది. గూట్లో పిల్లను వదిలి వచ్చిన పెంగ్విన్ ఎంతో దూరం ఈదలేదు. ఆ కాస్త దూరంలోనే ట్రాలర్లు మోహరిస్తే, సముద్రం మొత్తంలో కోట్ల టన్నుల క్రిల్ ఉన్నా ఆ పిల్లకు ఉపయోగం లేదు. ఎంత పట్టారన్నదానికంటే ఎక్కడ పట్టారన్నది ముఖ్యమని అలా బోధపడింది.

ఇంకో మాట. ఆ పదేళ్లూ కమిషన్ ఆధారపడింది దేశాలు తమంతట తాము ఇచ్చే లెక్కల మీద. సోవియట్ దళాలు 1948 నుంచి 1973 దాకా దక్షిణ సముద్రంలో 48 వేలకు పైగా హంప్‌బ్యాక్‌లను చంపి, 2,710 అని రాసిచ్చిన సంగతి అప్పటికి లోకానికి తెలియదు. అది 1993లో రష్యా శాస్త్రవేత్త అలెక్సీ యాబ్లొకోవ్ నోట బయటపడింది.

1991లో ఎట్టకేలకు కమిషన్ మొదటిసారి క్రిల్‌కు పరిమితి పెట్టింది. అట్లాంటిక్ వైపు జలాల్లో ఏడాదికి 15 లక్షల టన్నులు. దాంతోపాటు, అంత పట్టకముందే 6 లక్షల 20 వేల టన్నుల దగ్గర ఒక గడప పెట్టారు. ఆ సముద్రాన్ని చిన్న చిన్న భాగాలుగా పంచి, దేనికెంతో తేల్చేదాకా గడప దాటకూడదు. ఆ అంకె సముద్రాన్ని కొలిచి తీసింది కాదు. ఒక్కో ప్రాంతంలో అప్పటిదాకా ఒక ఏడాదిలో పట్టిన అత్యధిక టన్నులను కూడితే వచ్చిన మొత్తం, అంతే. తాత్కాలికమని పెట్టుకున్నది. అదే ఏడాది డిసెంబర్‌లో సోవియట్ యూనియన్ లేకుండా పోయింది. చమురుకు డబ్బిచ్చేవాళ్లు లేక దాని ట్రాలర్లు రేవుల్లో నిలిచిపోయాయి. రెండు మూడేళ్లలో క్రిల్ వేట లక్ష టన్నుల లోపుకు పడిపోయింది. పెంగ్విన్లకు ఊపిరి అందించింది కమిషన్ అంటే నేను నమ్మను. మాస్కోలో ఖాళీ అయిన ఖజానా అనండి, ఒప్పుకుంటాను.

ఆ ఊపిరి పదిహేనేళ్లు కూడా నిలవలేదు. నార్వే ఓడలు వలను పైకి లాగకుండానే గొట్టంతో క్రిల్‌ను పీల్చే పద్ధతితో వచ్చాయి. సాల్మన్ పెంపకానికి దాణా, మందుల షాపులో ఎర్రటి నూనె గుళికలు, రొయ్యల మేతలో రుచి కోసం కలిపే పొడి అంటూ కొత్త గిరాకీలు పుట్టాయి. రొయ్యల మేత అనగానే భీమవరం, నెల్లూరు చెరువుల వైపు మన చూపు పోక తప్పదు. తాత్కాలికమన్న ఆ 6 లక్షల 20 వేల గడపను 2025లో ఓడలు మొదటిసారి తాకాయి, సీజన్ ముగియకుండానే ఆగస్టులో వేట ఆపేయాల్సి వచ్చింది.

అక్కడికి చేరేలోపు దారిలో దొంగలున్నారు. 1990లలో క్రిల్ పడవలు వెనక్కి తగ్గగానే కెర్గెలెన్ నుంచి దక్షిణ జార్జియా దాకా దొంగ ఓడలు పొడవాటి గాలపు తాళ్లతో టూత్‌ఫిష్ అనే ఖరీదైన చేప మీద పడ్డాయి. ఆ గాలాలకు చిక్కి ఆల్బట్రాస్ పక్షులు వేలల్లో చచ్చాయి. పేర్లు మార్చుకుంటూ, జెండాలు మార్చుకుంటూ తిరిగిన వియార్సా, థండర్ ఓడల వెంట వారాల తరబడి, నెలల తరబడి సాగిన వేటను, ఏకాభిప్రాయం అనే తాళం ఉన్న అదే కమిషన్ 2016లో రాస్ సముద్రంలో 15 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా జలాలను ఎలా కాపాడుకోగలిగిందో వచ్చే భాగంలో చెప్పుకుందాం.